పాత సెయిల్‌బోటు కేబిన్ ఫ్లోర్: టేకు పలకా, ప్లైవుడ్డా, వినైలా?

పాత సెయిల్‌బోటు కేబిన్‌లో ఫ్లోర్ పాడైందంటే ముందుగా కంటపడేది పైన అరిగిన వార్నిషే. చెక్కను నిజంగా తినేసేది మాత్రం కింది తడి. బిల్జ్‌లో (ఫ్లోర్ కింద, బోటు అట్టడుగున నీళ్లు చేరే చోటు) నిలిచిన నీళ్లు, మాస్ట్ (తెరచాప స్తంభం) వెంట లోపలికి జారిన వాన, ఐస్‌బాక్స్ నుంచి కారేది, అన్నీ పలక అంచుల్లోంచి లోపలికి పాకుతాయి. కాబట్టి కొత్త చెక్క కొనే ముందు పాత పలకల్ని పైకెత్తి తిరగేసి చూడండి. అంచు దగ్గర స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చినప్పుడు మెత్తగా దిగిపోయిందంటే ఆ పలక పని అయిపోయినట్టే. గట్టిగానే ఉండి నల్లమచ్చలు పడితే ఆక్సాలిక్ యాసిడ్‌తో చాలావరకు పోతాయి. నీళ్లతో బాగా కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, మళ్లీ వార్నిష్ వేసుకోవచ్చు. వినీర్ పలకైతే (ప్లైవుడ్ మీద పల్చటి చెక్క పొర అతికించినది) సాండింగ్ మెషీన్ జోలికి మాత్రం పోకండి. పైనున్న టేకు పొర చాలా బోట్లలో ఒక మిల్లీమీటరు మందం కూడా ఉండదు.

మార్చక తప్పదనుకుంటే చాలామంది మనసు ముందు అసలు టేకు మీదికే పోతుంది. టేకు పలకల మధ్య సన్నటి తెల్లటి హాలీ చెక్క చారలు, ఆ అందానికి తిరుగులేదు. ఎన్నిసార్లు గీకి పాలిష్ చేసినా తట్టుకుంటుంది. కానీ ఖరీదు ఎక్కువ, బరువూ ఎక్కువే. పైగా తేమ తగిలితే వెడల్పులో ఉబ్బుతుంది. ఎండాకాలంలో సులువుగా లేచిన బిల్జ్ మూత వానాకాలంలో బిగుసుకుపోయి, లోపల నీళ్లు చేరినప్పుడు రాకపోతే అప్పుడు చూడాలి టెన్షన్.

నన్నడిగితే ఎక్కువ బోట్లకు టేకు-హాలీ వినీర్ ఉన్న మెరైన్ ప్లైవుడ్డే మేలు. పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికించి ఉంటాయి గనక దాదాపు ఉబ్బదు. BS 1088 (మెరైన్ ప్లైవుడ్‌కు బ్రిటిష్ ప్రమాణం) ఉన్న ప్లై తీసుకోండి. దీనికి ప్రాణాపాయం అంచుల్లోనే. కోసిన అంచుకు మొదటి కోటు ఎపాక్సీ (ఆరాక గట్టిపడి తడిని ఆపే రెసిన్) పూసి చూడండి, కాసేపటికే పూయనట్టు పొడిగా కనిపిస్తుంది, అంతా తాగేస్తుంది. అది మెరుస్తూ నిలిచేదాకా రెండో కోటు, మూడో కోటు వేయాల్సిందే. అడుగు వైపు, స్క్రూ రంధ్రాలు, మూత ఎత్తే వేలి రంధ్రం లోపలి గోడ కూడా వదలొద్దు. ఈ పూతల మందం కూడా కలుస్తుంది కాబట్టి చుట్టూ 2-3 మిల్లీమీటర్ల ఖాళీ పెట్టి కోయాలి.

చూపు కన్నా వాడకమే ముఖ్యమనుకునేవాళ్లకు మామూలు మెరైన్ ప్లై మీద జారని పెయింట్ చాలు. తడి కాళ్లు, ఇసుక, జారిపడే పనిముట్లు, దేనికీ బాధపడక్కర్లేదు. గీత పడితే ఆ చోట మళ్లీ పూసేయొచ్చు. వినైల్ షీటు కూడా చవకే, టేకు చారల డిజైన్‌లోనూ దొరుకుతుంది. నాకు దాని మీద అంత నమ్మకం లేదు. అంచు దగ్గర అతుకు లేస్తే కిందికి చేరిన తడికి బయటికి దారి ఉండదు, పైన షీటు నిగనిగలాడుతుంటే కింద ప్లై కుళ్లుతుంటుంది. ఇళ్లలో వేసే లామినేట్ పలకలైతే అసలు వద్దు. లోపలి చెక్కపొడి బోర్డు నీళ్లు తగిలితే పొంగిపోతుంది.

వార్నిష్ వేసే ఏ పలకకైనా గ్లాసీ కంటే సాటిన్ (తక్కువ మెరుపుది) నయం, బోటు ఒరిగినప్పుడు తడి గ్లాసీ మీద కాలు ఆగదు. పెద్ద అలల్లో మూతలు ఎగిరిపడకుండా గొళ్లేలూ ఉండాలి.

పాత పలకల్ని కొత్తవి సరిగ్గా కూర్చునేదాకా పారేయకండి, కొలతకు అవే ఆధారం. అయితే వాటిని కొత్త షీటు మీద పెట్టి గీత గీసి గుడ్డిగా కోసేయొద్దు. ఏళ్లుగా నాని ఉబ్బిన అంచు ఉండొచ్చు. బోటు గోడ ఏటవాలుగా ఉంటుంది కాబట్టి పక్క అంచును కూడా అదే వాలులో కోయాలి. ముందు అట్టముక్క కోసి లోపల పెట్టి చూసుకుంటే ఖరీదైన షీటు పాడవదు.