పెట్రోలు ముల్లు తప్పు చూపిస్తే: మార్చాల్సింది ఫ్లోటా, మీటర్ బోర్డా?

పాత కారు కొన్న కొత్తలో, ముల్లు పావు ట్యాంకు దగ్గర ఉండగానే నా బండి నడిరోడ్డు మీద ఆగిపోయింది. అందుకే ఈ ప్రశ్న ఎవరు అడిగినా ఓపికగా చెబుతాను.

ఖర్చు: ఫ్లోటు, అంటే ట్యాంకులో పెట్రోలు మీద తేలుతూ ఎంత ఉందో ముల్లుకు తెలిపే భాగం, సాధారణంగా చవక. మీటర్ బోర్డు, అంటే డ్రైవర్ ఎదుట ముళ్లన్నీ ఉండే పలక, ఖరీదు.

శ్రమ: చాలా కార్లలో వెనుక సీటు ఎత్తితే ఫ్లోటు మూత కనిపిస్తుంది, కొన్నింటిలో ట్యాంకే దించాలి. బోర్డు విప్పడం తేలికే కానీ, కొత్త తరం కార్లలో దాన్ని కంప్యూటర్‌తో జతచేయించాలి.

ప్రమాదం: ఫ్లోటు దగ్గర పెట్రోలు ఆవిరి ఉంటుంది, బ్యాటరీ వైరు తీయకుండా ముట్టుకోవద్దు. బోర్డు మారిస్తే కిలోమీటర్ల లెక్క తారుమారు కావచ్చు. బిల్లు దాచుకోకపోతే అమ్మేటప్పుడు అనుమానిస్తారు.

ఫ్లోటు చేయి కదిలినప్పుడల్లా చిన్న లోహపు కొన ఒక సన్నని పట్టీ మీద రాసుకుంటూ తిరుగుతుంది. ఏళ్ల తరబడి తిరిగిన చోట ఆ పట్టీ అరుగుతుంది. అక్కడికి రాగానే ముల్లు ఎగిరెగిరి పడుతుంది.

పెట్రోలు ముల్లు ఒక్కటే తప్పితే ముందు ఫ్లోటునే చూపించండి. ఉష్ణోగ్రత ముల్లు కూడా తప్పుతుంటే మొదట ఫ్యూజు, ఎర్త్ వైరు చూడాలి. బోర్డు ఆ తర్వాతే.