లాక్ స్క్రీన్ దగ్గర ఆగిన వర్చువల్ సర్వర్‌కు ఏ దారి మేలు?

భీమవరం, పాలకొల్లు ప్రాంతాల రొయ్యల వ్యాపారుల లెక్కలు, తణుకు వైపు రైస్ మిల్లుల ఖాతాలు ఆఫీసు కంప్యూటర్ల నుంచి వర్చువల్ సర్వర్లకు (ఇంటర్నెట్ ద్వారా అద్దెకు తీసుకుని వాడే కంప్యూటర్లకు) మారినప్పటి నుంచి నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఒకటే. నిన్నటి దాకా సజావుగా తెరుచుకున్న సర్వర్ డెస్క్‌టాప్ ఈరోజు లాక్ స్క్రీన్ దగ్గరే ఆగిపోయి, సరైన పాస్‌వర్డ్ కొట్టినా ఒప్పుకోకపోతే, ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి ఆదేశాలు టైపు చేసి సర్వర్‌ను నడిపే మార్గం) ద్వారా వెళ్లాలా, సర్వర్ అద్దెకిచ్చిన సంస్థ వెబ్ కన్సోల్ (బ్రౌజర్‌లో సర్వర్ తెరను చూపే పేజీ) తెరవాలా, లేక రీస్టార్ట్ చేసెయ్యాలా?

ఈ దారుల వేగంలో పెద్ద తేడా లేదు. నా దృష్టిలో తేల్చవలసింది, తాళం తీసేసరికి దాని వెనుక తెరిచి ఉంచిన పని మిగులుతుందా అన్నది. లాక్ స్క్రీన్ పడినంత మాత్రాన లోపలి ప్రోగ్రాములు ఆగవు; సగం ఎక్కించిన బిల్లులు, సేవ్ చేయని పట్టికలు మెమరీలో అలాగే ఉంటాయి. రీస్టార్ట్ చేస్తే మొదట పోయేవి అవే.

ఆ లెక్కన లినక్స్ సర్వర్లకు ఎస్‌ఎస్‌హెచ్‌నే నేను ముందు పెడతాను. లాక్ స్క్రీన్ డెస్క్‌టాప్‌కు సంబంధించిన వ్యవహారం కాబట్టి, అది మొరాయించినా 22వ పోర్టులో ఎస్‌ఎస్‌హెచ్ మామూలుగానే పలుకుతుంది. నాకు తరచుగా ఎదురయ్యే సందర్భంలో అసలు లోపమే ఉండదు: వీఎన్‌సీతో (తెరను దూరం నుంచి చూపే ప్రోగ్రాముతో) డెస్క్‌టాప్ వాడేవారు కనెక్షన్‌కు పెట్టుకున్న వీఎన్‌సీ పాస్‌వర్డ్‌నే లాక్ స్క్రీన్‌లోనూ కొడతారు, కానీ అది అడిగేది లినక్స్ ఖాతా పాస్‌వర్డ్. క్లౌడ్ కోసం తయారైన ఉబుంటు అనే లినక్స్ రకంలో మొదటి ఖాతాకు సాధారణంగా కీ (పాస్‌వర్డ్‌కు బదులు ఎస్‌ఎస్‌హెచ్‌కు చూపే రహస్య ఫైలు) మాత్రమే ఉంటుంది, పాస్‌వర్డ్ ఉండనే ఉండదు. గ్నోమ్ డెస్క్‌టాప్ మాత్రం ఐదు నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే తనంతట తాను తాళం వేసుకుంటుంది. లేని పాస్‌వర్డ్‌ను ఎన్నిసార్లు ఊహించినా దొరకదు. ఎస్‌ఎస్‌హెచ్‌లోకి వెళ్లి సుడోతో (నిర్వాహకుడి అధికారంతో) కలిపి పాస్‌డబ్ల్యూడీ ఆదేశం ఇచ్చి కొత్త పాస్‌వర్డ్ పెడితే, అదే లాక్ స్క్రీన్ దాన్ని అప్పటికప్పుడే అంగీకరిస్తుంది, తెరిచి ఉన్న పని చెక్కుచెదరదు. లాగిన్‌సీటీఎల్ ఆదేశంతో సెషన్ల (తెరిచి ఉన్న లాగిన్‌ల) జాబితా చూసి, తాళం పడిన సెషన్‌ను అక్కడి నుంచే తెరిచే వీలు కూడా చాలా డెస్క్‌టాప్‌లలో ఉంది.

పాస్‌వర్డ్ అంగీకరించాక కూడా తెర మళ్లీ లాగిన్ దగ్గరకే వచ్చి పడుతుంటే అనుమానించవలసింది వేరు. డిస్క్ నిండిపోయినా, హోమ్ ఫోల్డర్‌లోని ఎక్స్‌అథారిటీ ఫైలు (డెస్క్‌టాప్ తెరుచుకోవడానికి కావలసిన అనుమతి ఫైలు) యాజమాన్యం రూట్ (నిర్వాహక ఖాతా) పేరిట మారినా ఇలాగే జరుగుతుంది. కారణాన్ని కళ్లకు కట్టేది ఎస్‌ఎస్‌హెచ్. డీఎఫ్ ఆదేశంతో డిస్క్ సంగతి క్షణంలో తెలిసిపోతుంది. ఫెయిల్‌లాక్ (తప్పు పాస్‌వర్డ్‌లను లెక్కించి ఖాతాను మూసే ఏర్పాటు) అమర్చిన సర్వర్లలో, సెట్టింగులు మార్చకపోతే, మూడు తప్పులకు ఖాతా పది నిమిషాలు మూతపడుతుంది కనుక, కంగారులో అదే పనిగా పాస్‌వర్డ్ కొట్టడం నష్టమే.

ఎస్‌ఎస్‌హెచ్ కూడా పలకనప్పుడు వెబ్ కన్సోల్ విలువ తెలుస్తుంది. తుపాను రోజుల్లో కోనసీమలో కరెంటు పోయి వచ్చాక రౌటర్‌కు కొత్త ఐపీ చిరునామా రావచ్చు. ఫైర్‌వాల్‌లో (ఎవరిని లోపలికి రానివ్వాలో తేల్చే కాపలాలో) పాత చిరునామాకే అనుమతి ఇచ్చి ఉంటే ఇంటి యజమానే బయట నిలబడతాడు. కన్సోల్ తెరిచే ముందు మొబైల్ హాట్‌స్పాట్ నుంచి కూడా ప్రయత్నించి చూడండి: ఫెయిల్‌టుబ్యాన్ (పదేపదే విఫలమైన చిరునామాలను అడ్డుకునే ప్రోగ్రాము) మీ ఇంటి చిరునామాను మాత్రమే అడ్డుకుని ఉంటే అక్కడి నుంచి దారి దొరుకుతుంది. కన్సోల్ సర్వర్ లోపలి నెట్‌వర్క్ మీద ఆధారపడదు కాబట్టి ఫైర్‌వాల్ తప్పులను సరిదిద్దడానికి దానికి సాటి లేదు. అయితే అది చూపించేది సర్వర్ సొంత తెరను. మీరు ఎక్స్‌ఆర్‌డీపీలో (లినక్స్ డెస్క్‌టాప్‌ను దూరం నుంచి తెరిచే మరో మార్గంలో) తెరిచిన సెషన్ అందులో కనిపించకపోతే పని పోయిందని బెదరనక్కరలేదు. కీబోర్డు అమరిక తేడా వల్ల పాస్‌వర్డ్‌లోని ప్రత్యేక గుర్తులు అందులో మారిపోతుంటాయి కూడా. పాస్‌వర్డును యూజర్ పేరు గడిలో ఒకసారి కొట్టి చూసుకుని చెరిపేస్తే సరిపోతుంది, పక్కన ఎవరూ లేనప్పుడు సుమా. తెలుగులో వివరాలు ఎక్కించే ఆఫీసుల్లోనైతే కీబోర్డు తెలుగులోనే ఉండిపోయిందేమో అన్ని దారులకంటే ముందు చూడాలి.

విండోస్ సర్వర్ వాడేవారికి నా క్రమం తలకిందులవుతుంది. అక్కడ ఎస్‌ఎస్‌హెచ్ సాధారణంగా ఆన్ చేసి ఉండదు. పైగా స్థానిక ఖాతాల పాస్‌వర్డ్ గడువు డిఫాల్టుగా 42 రోజులు. అది ముగిశాక నెట్‌వర్క్ లెవెల్ అథెంటికేషన్ (తెర చూపే ముందే పాస్‌వర్డ్ సరిచూసే ఏర్పాటు) ఉన్న రిమోట్ డెస్క్‌టాప్ కొత్త పాస్‌వర్డ్ పెట్టుకునే అవకాశమే ఇవ్వకుండా వెనక్కి పంపుతుంది. కన్సోల్‌లో కంట్రోల్-ఆల్ట్-డిలీట్ బటన్ నొక్కి లోపలికి వెళితే మార్చుకోవచ్చు.

ఇక మిగిలిన దారి రెస్క్యూ మోడ్. అందులో సర్వర్‌ను ఆపి, డిస్క్‌ను వేరే వ్యవస్థ నుంచి మౌంట్ చేసి (తెరిచి) పాస్‌వర్డ్ మార్చాలి. కీ పోయి, కన్సోల్‌లో కొట్టడానికి ఏ పాస్‌వర్డూ లేనప్పుడు తప్ప దాని జోలికి వెళ్లవద్దు. పాత స్నాప్‌షాట్‌కు (అంతకుముందు తీసి ఉంచిన సర్వర్ నకలుకు) మరలితే ఆ తరువాతి ఎంట్రీలన్నీ పోతాయి, లాగిన్ సమస్యకు అది మందు కాదు.