కోయిల కూతా, మిర్చి ఘాటా?

గుంటూరులో వసంతం వచ్చేస్తోందని నాకు చెప్పేవి రెండే. కోయిల తెల్లారకముందే మొదలుపెడుతుంది. కూసేది మగది, గుడ్లు పొదిగే పని మాత్రం కాకిది (పాపం, ఆ కాకి మీద ఎవరూ కవిత్వం రాయరు). కానీ కోయిలకి ఆపడం తెలీదు, జూన్‌లోనూ కూస్తూనే ఉంటుంది.

మిర్చి అలా కాదు. ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి కల్లాల్లో ఎర్రగా పరిచిన కాయలు, మిర్చి మార్కెట్ యార్డు దారిలో టిక్కీలు (మిర్చి బస్తాలు) నింపుకున్న లారీలు. ఆటో అటు తిరగ్గానే లోపలున్న అందరికీ ఒకేసారి తుమ్ములు. డ్రైవర్ ఒక్కడే నవ్వుతాడు, అలవాటైపోయి.

నా ఓటు మిర్చికే. మా అమ్మ ఏడాదికి సరిపడా కాయలు డాబా మీద ఆరబోసి, తొడిమలు తీయడానికి నన్ను కూర్చోబెడుతుంది. కోయిల కూత నేను తీరిగ్గా వినేదీ అప్పుడే, మండే వేళ్లతో.