సబ్బు నీళ్లా, క్రిమిసంహారకమా?

మెట్ల రెయిలింగ్ మీద వేలి ముద్రలు కనిపించేంత జిడ్డు పేరుకుంది. దాని మీద నేరుగా బ్లీచింగ్ ద్రావణం చల్లితే మందులో చాలా భాగం ఆ మురికికే ఖర్చవుతుంది. సబ్బు నీళ్లతో రుద్దితే జిడ్డుతోపాటు క్రిములూ చాలావరకు పోతాయి. రోజూ జనం తిరిగే హాళ్లకు, బెంచీలకు, లిఫ్టు బటన్లకు నా ఓటు దీనికే.

క్రిమిసంహారకం పని వేరు. ఎవరైనా వాంతి చేసుకున్నా, రక్తం చిందినా, జబ్బు మనిషి ఆరోజే అక్కడ గడిపి వెళ్లినా అది కావాలి. అప్పుడు కూడా ముందు శుభ్రం చేసి, తర్వాతే మందు. చాలామంది పొరబడేది ఇక్కడే: చల్లిన మరుక్షణం గుడ్డతో తుడిచేస్తారు. సీసా మీద రాసినంతసేపు ఆ చోటు తడిగా ఉండాలి. కొన్ని మందులకు అది 10 నిమిషాలు. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ ఆల్కహాల్‌కు సరిగా లొంగదు, క్లోరిన్ ఉన్న మందు వాడాలి.

కోవిడ్ రోజుల్లో వీధులకు వీధులే మందుతో తడిపారు. చూడటానికి ఘనంగానే ఉండేది! దుమ్మూ చెత్తా మందును నిర్వీర్యం చేస్తాయి కాబట్టి ఆరుబయట అలా చల్లవద్దని 2020 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.