లోతు ఎక్కువ, లెక్క వేరు: ఫుక్స్-రోసెంథాల్ ఛాంబర్‌తో ఆరేళ్లు

మైక్రోస్కోప్ కింద పెట్టి కణాలు లెక్కపెట్టే ఈ గళ్ల గాజు ఛాంబర్ మా ల్యాబుకి వచ్చిన కొత్తలో కనిపించిన ప్రతి టెక్నీషియన్‌కీ ఒకటే చెప్పేదాన్ని, సీఎస్ఎఫ్‌కి, అంటే వెన్నునీటికి, ఇక మామూలు న్యూబౌర్ ఛాంబర్ వాడకండని. ఆరేళ్లయింది. ఇప్పుడంత గట్టిగా చెప్పను. అలాగని ఎవరైనా అడిగితే దీన్ని ఇచ్చేయనూ ఇవ్వను.

నా మోజంతా దీని లోతు మీదే. న్యూబౌర్ లోతు 0.1 మిల్లీమీటరు. తొమ్మిది పెద్ద గడులూ లెక్కపెట్టినా 0.9 మైక్రోలీటరే చూసినట్టు. దీని లోతు 0.2, పదహారు గడులూ కలిపితే 3.2 మైక్రోలీటర్లు. వేలల్లో ఉండే రక్తకణాలకైతే ఈ తేడాతో పనిలేదు. వెన్నునీటి సంగతి వేరు, అందులో తెల్లకణాలు మైక్రోలీటరుకి ఐదు దాటితేనే అనుమానం. ఆ ఐదు న్యూబౌర్‌లో నాలుగో ఐదో చుక్కలుగా కనిపిస్తాయి. అందులో ఒకటి దుమ్ము అయితే? ఇందులో అదే నీటికి పదహారు దాకా కనిపిస్తాయి. ఒకటి అటూ ఇటూ అయినా చెయ్యి వణకదు.

ఇక అసలు కథ. రెండేళ్ల కిందట ఒక రాత్రి నాలుగేళ్ల పాపకి జ్వరం, ఫిట్స్. వెన్నునీరు తీసి పంపారు. నైట్ డ్యూటీలో ఉన్న అబ్బాయి కౌంట్ 14 అని రాసిచ్చాడు. పొద్దున ఎనిమిదింటికి పిల్లల డాక్టరు గారి ఫోన్. "ఏమ్మా, గ్లూకోజ్ బాగుంది, ప్రోటీన్ బాగుంది, పాప ఇడ్లీ తింటోంది. ఈ 14 సెల్స్ ఎక్కణ్నుంచి వచ్చాయి?"

మళ్లీ లెక్కపెడదామని ట్యూబు తీశాను, తీసి పెట్టేశాను. రాత్రి రెండింటి శాంపిల్ అది. తీసిన గంటలోపు చూడాల్సిన నీరు. బయట ఉంచితే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు రెండు గంటలకే సగం దాకా కరిగిపోతాయి. ఆరు గంటల తర్వాత ఎంత వచ్చినా దాన్ని ఎవరు నమ్మాలి?

రఫ్ నోట్‌బుక్ తెరిచాను. అంచున పెన్సిల్‌తో ఉంది: 4, 2, 3, 4. మొత్తం 13. నాలుగు వరుసలు! న్యూబౌర్‌లో ఉండేవి మూడే. అంటే లెక్కపెట్టింది ఫుక్స్-రోసెంథాల్‌లో, వేసింది న్యూబౌర్ ఫార్ములా. పదితో హెచ్చించి తొమ్మిదితో భాగించాడు, 14 వచ్చింది. 3.2తో భాగిస్తే నాలుగు. నార్మల్.

"అక్కా, చేతికి అలవాటైన లెక్క వేసేశా" అన్నాడు పాపం. అప్పటికే పాపకి యాంటీబయాటిక్ పడింది. డాక్టరు గారు మంచాయన కాబట్టి రిపోర్టు సరిచేసి పంపమని ఊరుకున్నారు. నాకు మాత్రం ఆ రోజంతా ఒకటే ఆలోచన, ఇదే తిరగబడి ఉంటే? న్యూబౌర్‌లో 18 చుక్కలు కనిపిస్తే అసలు కౌంట్ 20. దాన్ని 3.2తో భాగిస్తే ఐదున్నర చిల్లర, హద్దుని కాస్త దాటినట్టే. మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) ఉన్న పిల్లని ఇంటికి పంపేసేవాళ్లేమో.

తప్పు ఎవరిదంటే ఏం చెప్పను. బల్ల మీద పెడితే రెండూ ఒకేలాంటి గాజు ముక్కలే. లోతు ఎంతో ఒక పక్కన చెక్కి ఉంటుంది కానీ చీమ తలకాయంత అక్షరాలు, రాత్రి రెండింటికి ఎవరు చదువుతారు? ఇప్పుడు దీని డబ్బా మూతకి ల్యూకోప్లాస్ట్ అంటించి "÷ 3.2" అని ఎర్ర పెన్నుతో రాశాను. ఏ ఛాంబరో రాయకుండా అంకె రాయకూడదని రిజిస్టర్లో ఒక గడి కూడా పెంచాం.

చిన్న చిరాకులు వేరే ఉన్నాయి. లోతు ఎక్కువ కదా, కణాలు అడుక్కి దిగేదాకా తడిదూది పెట్టిన పెట్రీ డిష్‌లో ఇంకాస్త సేపు ఆగాలి, లేకపోతే ఫోకస్ పైకీ కిందకీ తిప్పుతూనే ఉండాలి. దీని మందపాటి కవర్‌స్లిప్ పగిలితే మామూలుది వేయకండి, అది వంగుతుంది, లోతు మారిపోతుంది. చీములా చిక్కగా వచ్చిన శాంపిల్‌కి నేనే దీన్ని పక్కనబెట్టి, టర్క్స్ ఫ్లూయిడ్ అనే ద్రవంతో పలచన చేసి న్యూబౌర్‌లో చూస్తాను.

మాకు వారానికి మూడో నాలుగో సీఎస్ఎఫ్‌లు, ఎక్కువ తేటవే, చేసేది మేం ఇద్దరమే. అలాంటి చోటికి ఇది సరిపోతుంది. షిఫ్టుకొకరు మారే పెద్ద ల్యాబుకి మాత్రం కొనమని చెప్పడానికి ఇప్పుడు నోరు రాదు. మా నైట్ డ్యూటీ అబ్బాయి ఇప్పటికీ న్యూబౌరే తీస్తాడు. తొమ్మిది గడులూ పూర్తిగా చూస్తున్నాడు కదా అని నేనేం అనట్లేదు.