ఆరేళ్లుగా ఒకే సెట్: నా బేస్ గిటార్ మీద ఫ్లాట్‌వౌండ్ తీగలు

ఈ తీగలు నా బేస్ గిటార్‌కు బిగించి ఆరేళ్లు దాటింది. ఇన్నాళ్లలో ఒక్క తీగ తెగలేదు, ఒక్కటీ మార్చలేదు. తీగల గురించి చాలామంది పెట్టె విప్పిన వారానికే రాసేస్తుంటారు. మొదటి వారం ఏ తీగలైనా బాగానే ఉంటాయి. అందుకే ఇన్నేళ్లు ఆగి రాస్తున్నాను. మా కడపలాంటి వేడి ఊళ్లలో, పాడేవాళ్ల వెనక నిలబడి బేస్ వాయించేవాళ్లకు ఇది పనికొస్తుందని నా నమ్మకం.

ముందు గిటార్ సంగతి. నాలుగు తీగలది, జాజ్ బేస్ తరహాది. తీగల అదురును పట్టే సింగిల్ కాయిల్ పికప్‌లు రెండు, తీగ మోగే పొడవు (స్కేల్) 34 అంగుళాలు, లోపల బ్యాటరీ ఉండదు. కొని పదకొండేళ్లయింది. ఆదివారం చర్చి క్వయర్‌లో వాయిస్తాను. ముహూర్తాలు ఉన్న నెలల్లో పెళ్లి ఆర్కెస్ట్రాలకు పోతాను, వినాయక చవితికి పందిళ్లలో నిలబడతాను. ఇంట్లో సాధన కూడా కలిపితే వారానికి ఎనిమిది గంటలకు తక్కువ కాకుండా ఈ తీగల మీద నా వేళ్లు ఉంటాయి.

తీగల్లో తేడా ఏమిటంటే, బేస్ తీగ లోపల ఒక ఉక్కు తంతి ఉంటుంది, దాని చుట్టూ ఇంకో తంతి చుడతారు. ఆ చుట్టిన తంతి గుండ్రంగా ఉంటే రౌండ్‌వౌండ్. వేలితో రుద్దితే గరగర తగులుతుంది, మోత మెరుస్తూ వస్తుంది. చుట్టింది రిబ్బన్‌లాగా చదునుగా ఉంటే ఫ్లాట్‌వౌండ్. వేలి కింద కడప బండ మీద చెయ్యి పెట్టినంత నున్నగా ఉంటుంది. 1951లో అమెరికాలో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ అనే ఎలక్ట్రిక్ బేస్ గిటార్ తెచ్చినప్పుడు వాడుకలో ఉన్నవి ఫ్లాట్‌వౌండ్ తీగలే. రౌండ్‌వౌండ్ 1960ల మధ్య నుంచి రాక్ బ్యాండ్ల వల్ల పైకి వచ్చింది. ఇప్పుడు కొత్త గిటార్ కొంటే దాదాపు ఎప్పుడూ రౌండ్‌వౌండే బిగించి ఇస్తారు.

మొదటి ఐదేళ్లు నేనూ అవే వాడాను. మూడు నెలలు తిరక్కముందే చచ్చిపోయేవి. కారణం చెమట. మే నెలలో మా ఊళ్లో 42, 43 డిగ్రీలు మామూలు. పెళ్లి పందిట్లో లైట్ల కింద నాలుగు గంటలు నిలబడితే మోచేతి నుంచి చెమట కారి తీగల మీదికి దిగుతుంది. రౌండ్‌వౌండ్ చుట్ల మధ్య గాడిలో ఆ ఉప్పు, చర్మం మురికి చేరి కూర్చుంటాయి. అంతటితో మోత మూసుకుపోతుంది, శ్రుతి కూడా సరిగ్గా నిలవదు. తీగలు విప్పి వేడినీళ్లలో ఉడకబెట్టి మళ్లీ బిగించిన రోజులున్నాయి. పది రోజులు బాగుండి మళ్లీ అదే కథ. ఫ్లాట్‌వౌండ్‌లో మురికి చేరడానికి గాడి లేదు. వాయించడం అయిపోగానే పాత కాటన్ పంచె ముక్కతో తుడిచి పెట్టెలో పెడతాను, అంతే. అప్పుడు సెట్‌కు మూడున్నర వేలు పెట్టాను. రౌండ్‌వౌండ్ కంటే రెట్టింపు ధర. మొదటి ఏడాదిలోనే ఆ డబ్బు తిరిగొచ్చినట్టయింది.

అయితే నేను వీటికి మారింది డబ్బు కోసం కాదు. నా చెవిలో చిన్నప్పటి నుంచి ఒక మోత ఉండిపోయింది. దాన్ని నా చేతుల్లోకి తెచ్చుకోవాలన్నదే నా కోరిక.

ఇంట్లో చిన్న రేడియో ఉండేది. ఆకాశవాణి కడప కేంద్రం పొద్దున్నే పెట్టేవాళ్లం. అంత చిన్న స్పీకర్‌లో కింది స్వరాలు పలకవు కదా. పాటంటే గొంతు, వయొలిన్లు, తబలా అని మాత్రమే అనుకునేవాణ్ణి. మా చిన్నమామ ప్రొద్దుటూరు, కడప మధ్య జీపు తోలేవాడు. వెనక సీటు కింద పెద్ద స్పీకర్లు పెట్టించినాడు. రేడియోలో వందసార్లు విన్న పాటే ఒకరోజు ఆ జీపులో వింటుంటే, గొంతు కింద ఇంకెవరో నడుస్తున్నట్టు వినబడింది. తొడల కింద సీటు అదురుతోంది. "మామా, కింద ఆ వచ్చేదేంది?" అంటే, "అది బేస్ రా అబ్బీ, అది తీసేస్తే పాట కూలిపోతాది" అన్నాడు. నాకప్పుడు పదకొండేళ్లు. ఆ మాట నేటికీ మర్చిపోలేదు.

ఆ జీపులో మోగినవి ఎక్కువగా ఇళయరాజా పాటలు. ఆయన పాటల్లో బేస్ ఒక స్వరాన్ని పట్టుకుని కూర్చోదు. గొంతు పైకి పోతుంటే అది కిందికి దిగుతుంది, గొంతు ఊపిరి తీసుకునే చోట అది ఒక మాట చెబుతుంది. గొంతు తీసేసి ఆ బేస్ ఒక్కటే వాయించినా వినదగ్గ పాట ఒకటి మిగులుతుంది. వాటిలో ఎన్నో పాటలకు బేస్ వాయించింది శశిధరన్ అని నాకు తెలిసేసరికి నేను బేస్ పట్టుకుని నాలుగేళ్లయింది. క్యాసెట్ అట్టలన్నీ తిరగేసి చూశాను. సంగీతం, గానం, రచన ఉన్నాయి. నన్ను జీపులో కుదిపిన మనిషి పేరు నా దగ్గరున్న ఒక్క అట్ట మీదా లేదు. ఆ రాత్రి నాకు చాలా బాధేసింది. అప్పటి నుంచి ఏ పాట నచ్చినా వాయించినవాళ్లెవరో వెతికి తెలుసుకోవడం అలవాటైంది.

ఆ వెతుకులాటలోనే జేమ్స్ జేమర్సన్ దొరికాడు. అమెరికాలోని డెట్రాయిట్‌లో మోటౌన్ అనే రికార్డు కంపెనీ 1960లలో విడుదల చేసిన హిట్ పాటల్లో చాలావాటికి ఆయనే బేస్. ఆ రికార్డుల మీదా చాలా ఏళ్లపాటు ఆయన పేరు వెయ్యలేదు. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే వాయించేవాడు. ఆయన గిటార్ 1962 నాటి ప్రెసిషన్ బేస్, దాని మీద మందపాటి ఫ్లాట్‌వౌండ్ తీగలు. తెగితే తప్ప మార్చేవాడు కాదు. తీగల కింది కొసను పట్టుకునే బ్రిడ్జి దగ్గర స్పాంజి ముక్క పెట్టి మోతను పొట్టిగా కత్తిరించేవాడు. 1983లో పోయాడు. ఆయన వాయించింది మొదటిసారి హెడ్‌ఫోన్స్‌లో విన్నప్పుడు నాకు మా మామ జీపు గుర్తొచ్చింది. ఖండాలు వేరు, భాష వేరు, మోత మాత్రం ఒకటే కుటుంబం. గుండ్రంగా, పొట్టిగా, నేలను తొక్కుకుంటూ పోయే మోత. అది విన్న వారంలోనే ఈ తీగలకు ఆర్డర్ పెట్టాను.

బిగించిన మొదటి ఆదివారం క్వయర్‌లో పాడే పెద్దాయన ఆరాధన అయ్యాక నా దగ్గరికొచ్చి, "ఏమబ్బీ, ఈ పొద్దు ఏం మార్చినావు? పాడేకి సుఖంగా ఉంది" అన్నాడు. తీగల సంగతి ఆయనకు తెలియదు. రౌండ్‌వౌండ్‌కు పైన ఒక మెరుపు ఉంటుంది. అది గొంతు, కీబోర్డు ఉండే చోటికే వచ్చి వాటితో పోట్లాడుతుంది. ఫ్లాట్‌వౌండ్ ఆ జాగా ఖాళీ చేసి కిందికి దిగి నిలబడుతుంది. నేను బేస్‌ను కొలిచేది ఇక్కడే. నా మోత ఎంత బాగుందని కాదు, పాడేవాళ్లు ఎంత నిబ్బరంగా పాడుతున్నారని చూస్తాను.

ఇంకో సుఖం నేను అనుకోనిది. మన పాటల్లో జారు ఎక్కువ. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వేలు ఎత్తకుండా జారాలి. రౌండ్‌వౌండ్ మీద జారితే మధ్యలో కీచుమని శబ్దం వస్తుంది, మైకులో అది ఇంకా పెద్దదవుతుంది. వీటి మీద వేలు నూనెలో పోయినట్టు పోతుంది. తాళ్లపాక మా పక్కనే కదా, అన్నమయ్య కీర్తనలు పాడే కార్యక్రమాలకు అప్పుడప్పుడు నన్ను పిలుస్తారు. అక్కడ నా పని సగం షడ్జం, పంచమం పట్టుకుని ఉండటం, మిగతా సగం గాయకురాలి గమకం వెనకే మెల్లగా జారడం. మృదంగం తొప్పి (ఎడమ వైపు) మోత, ఈ తీగల మోత ఒకే ఇంటివాళ్లలా కలిసిపోతాయి. మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్ల (ఫ్రెట్ల) అరుగుదల కూడా తగ్గింది. మొదటి ఐదేళ్లలో పడిన గాట్లు అలాగే ఉన్నాయి, ఈ ఆరేళ్లలో కొత్తవి కంటికి కనబడటం లేదు.

ఇక కష్టాలు. ఈ సెట్ బిగువు ఎక్కువ. తీగల మందం అంగుళంలో వెయ్యో వంతుల్లో చెబుతారు: పాతది 45 నుంచి 100 కొలత, ఇది 45 నుంచి 105. బిగించిన రెండో రోజుకు మెడ ముందుకు వంగి, పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ బాగా పైకి లేచింది. మెడ లోపల ఉండే ట్రస్ రాడ్ అనే కడ్డీని పావు మలుపు బిగించి, ఒకరోజు ఆగి, మళ్లీ చూసుకోవాలి. మొదటి ఫ్రెట్‌నూ చివరి ఫ్రెట్‌నూ నొక్కి పట్టుకుంటే ఏడో ఫ్రెట్ దగ్గర తీగ కింద మూడో వంతు మిల్లీమీటరు సందు ఉంటే చాలు. ఎండాకాలం నుంచి వానాకాలానికి మారేటప్పుడు చెక్క కదులుతుంది కాబట్టి ఏడాదికి రెండుసార్లు ఈ పని తప్పదు.

రెండో కష్టం నట్ దగ్గర, అంటే మెడ పై కొసన తీగలు కూర్చునే గాళ్ల పట్టీ దగ్గర. లావు తీగ పాత గాడిలో కూర్చోలేదు. తెలిసినవాడేనని ఒకరికిచ్చి ఆకురాయితో గాడి వెడల్పు చేయిస్తే, వెడల్పుతోపాటు లోతు కూడా చేసేశాడు. ఖాళీ తీగ మీటితే మొదటి ఫ్రెట్‌కు తగిలి జుయ్యిమని కొట్టుకునేది. రెండు రోజుల్లో పెళ్లి ప్రోగ్రాం ఉంది, టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. చివరికి గాడిలో చిటికెడు వంటసోడా వేసి, మీద ఒక చుక్క ఫెవిక్విక్ వదిలాను. క్షణంలో రాయిలా గట్టిపడింది. ఈసారి నేనే నెమ్మదిగా, ఒక్కో రుద్దుకు ఒకసారి వాయించి చూసుకుంటూ గాడి తీశాను. ఆ అతుకు నేటికీ కదల్లేదు. మీరు ఈ తీగలకు మారాలనుకుంటే పాత సెట్ కొలతలోనే కొనండి, ఈ గొడవ ఉండదు.

గది గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ తీగల మోత కిందే ఉంటుంది, గది బాగాలేకపోతే అది బురదవుతుంది. నా గది పద్నాలుగడుగుల పొడవు. కింద కడప బండలు, చుట్టూ ఉత్త గోడలు. అన్నిటికన్నా లావు తీగను ఖాళీగా మీటితే వచ్చే కింది ఇ (E) స్వరం సెకనుకు 41 సార్లు అదురుతుంది. పద్నాలుగడుగుల గది తనంతట తాను ప్రతిధ్వనించేది కూడా సరిగ్గా అక్కడే, 40 దగ్గర. ఆ ఒక్క స్వరం పలికితే కిటికీ అద్దాలు గలగలమనేవి, పక్కనున్న ఎఫ్ (F) స్వరం మామూలుగా వినబడేది. తీగలదే తప్పనుకుని ఒక నెలంతా తిట్టుకున్నాను. యాంప్‌ను మూల నుంచి జరిపి, నేల మీద నుంచి తీసి చెక్క కుర్చీ మీద పెట్టి, మూలల్లో రెండు పాత దూది పరుపులు మడిచి నిలబెట్టాక చాలావరకు సర్దుకుంది. ఫంక్షన్ హాళ్లలో ఇవేమీ చెయ్యలేం. అక్కడ సౌండ్ సిస్టమ్ అన్నతో ముందుగానే మాట్లాడి, గిటార్ సిగ్నల్‌ను మిక్సర్‌కు సరిపడేలా మార్చే డీఐ బాక్స్ ద్వారా నేరుగా మిక్సర్‌లోకి ఇచ్చి, బేస్ నాబ్ పెంచవద్దని అడుగుతాను. పెంచాల్సింది మధ్య స్వరాలు. ఈ తీగలకు కింద ఎప్పుడూ కొరత ఉండదు.

ఈ తీగలతో కాని పనులూ ఉన్నాయి. స్లాప్ వాయించాలంటే ఇవి వద్దు. బొటనవేలితో కొట్టినప్పుడు రావలసిన ఖంగుమనే మోత వీటిలో లేదు. బేస్ కళాకారిణి మోహినీ డే వాయించడం నాకు ప్రాణం, కానీ ఆ దారిలో నడవాలనుకునే కుర్రవాళ్లకు నేను ఈ సెట్ చెప్పను. అమెరికా బేస్ కళాకారుడు జాకో పాస్టోరియస్ కూడా అంతే. 1976లో వచ్చిన ఆయన తొలి ఆల్బమ్ నేను ఏడాదికి నాలుగైదుసార్లయినా పూర్తిగా వింటాను. ఆ పాడే నాదం ఫ్రెట్లు లేని మెడ మీద రౌండ్‌వౌండ్ తీగలతో వచ్చింది. తీగ చెక్కను కోసెయ్యకుండా ఫింగర్‌బోర్డు మీద ఎపాక్సీ పూత వేసుకున్నాడాయన. దాన్ని ఫ్లాట్‌వౌండ్‌తో తేవాలని రెండేళ్లు ప్రయత్నించాను, రాదు. ఇంకోటి, మీ పాటలు జనం ఫోన్ స్పీకర్‌లోనే వింటారంటే ఈ మోత సగం మాయమవుతుంది. మేం రికార్డు చేసిన క్రిస్మస్ పాట ఫోన్‌లో విని మా చెల్లెలు "బేస్ ఎక్కడన్నా?" అని అడిగింది.

రెహమాన్ పాటలకు ఏళ్లుగా బేస్ వాయించిన కీత్ పీటర్స్ నుంచి నేను నేర్చుకున్నది ఎక్కడ వాయించకూడదో. మా పెద్ద దర్గా ఉరుసుకు రెహమాన్ వస్తారని ఊరంతా ఎదురుచూస్తుంది. ఆ రోజుల్లో నేను, మా డ్రమ్స్ వాయించే భాయ్ రాత్రిపూట టీ తాగుతూ ఒక చెవికి ఒక ఇయర్‌ఫోన్ పెట్టుకుని కీత్ పీటర్స్ వాయించిన పాటలే వింటాం. రెండు చరణాలపాటు కదలకుండా ఉండి, పల్లవికి ఒకే ఒక్క మెట్టు దిగితే చాలు, ఒళ్లు జలదరిస్తుంది. ఫ్లాట్‌వౌండ్ మోత తొందరగా ఆరిపోతుంది కాబట్టి ఆ ఖాళీ దానంతటదే ఏర్పడుతుంది. ఈ తీగలకు మారాక నేను వాయించే స్వరాలు తగ్గాయి. ఆర్కెస్ట్రా నుంచి పిలుపులు పెరిగాయి.

పోయిన నెల జి (G) తీగ కొస దగ్గర, శ్రుతి బిరడాకు చుట్టే చోట ఉండే ఎర్ర పట్టుదారం విడిపోవడం చూశాను. కత్తెరతో కత్తిరించి వదిలేశాను. శ్రుతి నిలుస్తోంది, మోతలో తేడా లేదు. కొత్త సెట్ ఒకటి, అదే రకం, ఈసారి 45 నుంచి 100 కొలతది, కొని బీరువాలో పెట్టాను. క్రిస్మస్ పాటలు అయ్యేదాకా మాత్రం పాతవే ఉంచుతాను.