“1891 జనాభా లెక్కల్లో మీ ముత్తాత పేరు” అని అమ్ముతున్న కాగితం కొనకండి

సికింద్రాబాద్, హైదరాబాద్‌లలో తాతముత్తాతల వివరాలు డబ్బిచ్చి వెతికించుకుంటున్న వాళ్లు ఇది ఒక్కసారి చదవండి. అలా వెతికిపెట్టేవాళ్లు ఒక కుటుంబానికి ఇచ్చిన ఫైలు ఈమధ్య మా పరిశీలనకు వచ్చింది. 28 వేలు తీసుకున్నారు, సగం ముందే. ఫైల్లో ఉన్నవి రెండే కాగితాలు. ఒకటి 1891 జనాభా లెక్కల “సర్టిఫైడ్ నకలు”, రెండోది బాప్తిస్మం వివరం. మొదటిది బోగస్. రెండోది ఇంట్లో కూర్చుని పైసా ఖర్చు లేకుండా తీసుకోగలిగింది. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. ఇదే సరుకు రేపు ఇంకొకరు ఇంకో పేరుతో అమ్ముతారు. అందుకే సరుకును గుర్తుపట్టడం ముఖ్యం.

ముందు జనాభా లెక్కల సంగతి. నిజాం సంస్థానంలో మొదటి లెక్క 1881లో జరిగింది. ఎన్యూమరేటర్లు ఇంటింటికీ వెళ్లి పేరు, వయసు, మతం, కులం, మాతృభాష, వృత్తి రాసుకున్న మాట నిజమే. కానీ అంకెలు తేలాక ఆ షెడ్యూళ్లను (ఇంటింటా నింపిన ఫారాలను) దాచలేదు, నాశనం చేశారు. మిగిలినవి అచ్చు సంపుటాలే. వాటిలో ఫలానా ఊళ్లో క్రైస్తవులు ఎందరు, చదువుకున్నవాళ్లు ఎందరు అన్న లెక్కలుంటాయి గానీ మనిషి పేరు ఉండదు. ఆ సంపుటాల స్కాన్లు సెన్సస్ శాఖ వెబ్‌సైట్లోనే ఉచితంగా దొరుకుతాయి. స్వాతంత్ర్యం తర్వాతి షెడ్యూళ్లయితే 1948 సెన్సస్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం బయటివాళ్లు చూడటానికే వీల్లేదు. కాబట్టి “ఆఫీసులో మనవాళ్లున్నారు, తీయిస్తాం” అని ఎవరన్నా అంటే అక్కడితో మాట ఆపేసి వచ్చేయండి.

ఇక ఆ బోగస్ కాగితం. దాని మీద తేదీ 1891 ఏప్రిల్ 5 అని ఉంది. అది ఇంగ్లండ్‌లో లెక్క జరిగిన రోజు. మన దేశంలో ఆ విడత లెక్క ఫిబ్రవరి 26న జరిగింది. కింద ఒక గడిలో “ఐదుకు తక్కువైతే ఎన్ని గదులు” అన్న ప్రశ్న ఉంది. అది కూడా ఇంగ్లండ్ ఫారంలో ఆ ఏడాదే కొత్తగా పెట్టిన ప్రశ్న. అంటే నెట్‌లో దొరికిన ఇంగ్లండ్ ఫారం బొమ్మ తెచ్చుకుని అందులో మన పేర్లు నింపారన్నమాట. పైన “మద్రాస్ ప్రెసిడెన్సీ, హైదరాబాద్ జిల్లా” అని వేశారు. హైదరాబాద్ ఏనాడూ మద్రాస్ ప్రెసిడెన్సీలో లేదు. కాగితానికి టీ డికాక్షన్ పట్టించి పాతరంగు తెప్పించారు. ఏటవాలుగా వెలుతురుకు పట్టి చూస్తే అక్షరాల మీద లేజర్ ప్రింటర్ పొడి మెరుస్తుంది. మరక కాగితంలోకి ఇంకిపోయి ఉంటే అక్షరాలేమో దాని పైన కూర్చుని ఉన్నాయి.

మనిషి పేరుతో దొరికే జనాభా లెక్కలు బ్రిటన్‌వి. 1841 నుంచి 1921 దాకా తెరిచారు. ఇంగ్లండ్, వేల్స్‌ల 1931వి 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి, 1941లో అసలు తీయలేదు. మీ పూర్వీకుడు ఇక్కడ పనిచేసి రిటైరై అక్కడికి వెళ్లిన సోల్జరో, ఇక్కడ పుట్టి అక్కడికి చదువుకోవడానికి వెళ్లిన పిల్లవాడో అయితే, పుట్టిన ఊరి గడిలో “సికింద్రాబాద్, ఈస్ట్ ఇండీస్” అని కనిపించే అవకాశం ఉంది. అలాంటి కాగితం ఇస్తే రిఫరెన్స్ నంబరు అడగండి. ఇంగ్లండ్, వేల్స్‌లవైతే 1881ది ఆర్‌జీ 11, 1891ది ఆర్‌జీ 12, 1901ది ఆర్‌జీ 13తో మొదలవుతుంది. ఆ తర్వాత పీస్ (కట్ట), ఫోలియో (ఆకు), పేజీ నంబర్లుంటాయి. ఇవి లేని నకలుకు విలువ లేదు.

అసలు ఆధారం చర్చి రిజిస్టర్లే. పాదిరీలు బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, భూస్థాపనల నకళ్లు పై అధికారులకు పంపేవారు. అవి లండన్ చేరి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఎన్ శ్రేణిగా ఉన్నాయి. ఎన్/1 బెంగాల్ (1713 నుంచి), ఎన్/2 మద్రాస్ (1698 నుంచి), ఎన్/3 బొంబాయి (1709 నుంచి). నిజాం సంస్థానం ప్రెసిడెన్సీలో భాగం కాకపోయినా లష్కర్‌లో (సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో) ఉన్నది మద్రాస్ సైన్యం కాబట్టి సికింద్రాబాద్, తిరుమలగిరి, బొల్లారం నకళ్లు చూడాల్సింది ఎన్/2లో. ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్లో సూచిక ఉచితం. ఫిబిస్ (బ్రిటిష్ ఇండియా కుటుంబాల చరిత్ర వెతికే సంఘం) డేటాబేస్ కూడా ఉచితమే. పేజీ బొమ్మ కావాలంటే ఫైండ్‌మైపాస్ట్ వెబ్‌సైట్‌కు చందా కట్టాలి, ఒక నెల కడితే చాలు.

ఆ ఫైల్లోని రెండో కాగితం ఈ ఉచిత సూచికలోని నాలుగు లైన్లే, బంగారు అంచు వేసి ప్రింట్ తీశారు. సూచికతో పని అయిపోదు. అసలు పేజీలో తండ్రి వృత్తి, సైనికుడైతే రెజిమెంట్, నివాసం, పాదిరీ సంతకం ఉంటాయి. పెళ్లి నమోదులో సాక్షుల సంతకాలుంటాయి, చాలాసార్లు వాళ్లు చుట్టాలే అవుతారు. తర్వాతి తరం దొరికేది అక్కడే. కాబట్టి వాల్యూమ్, ఫోలియో నంబర్లతో పేజీ బొమ్మ ఇస్తేనే పని జరిగినట్టు.

ఊళ్ల పేర్ల దగ్గర జరిగే పొరపాటు ఇంకా ప్రమాదం. హైదరాబాద్ సింధ్‌లోనూ ఉంది, దాని నకళ్లు బొంబాయి శ్రేణిలోకి వెళ్తాయి. ఉత్తరప్రదేశ్ బులంద్‌షహర్ జిల్లాలో ఒక సికందరాబాద్ ఉంది, అది బెంగాల్ వైపు. పేరు కలిసిందని ఎన్/3లోని సింధ్ సోల్జర్‌ను తెచ్చి మన బొల్లారం కుటుంబానికి అంటగడితే, ఆ వంశవృక్షం పిల్లల దాకా తప్పుగానే పాకుతుంది.

తెలుగు క్రైస్తవ కుటుంబాలకు ఇంకో మాట. ఎన్ శ్రేణిలో ప్రధానంగా ఉన్నది యూరోపియన్లు, ఆంగ్లో-ఇండియన్లు. మీ పూర్వీకులది స్థానిక సంఘమైతే రిజిస్టరు చాలావరకు ఆ చర్చిలోనే ఉంటుంది. మొదట ఏ మిషన్ అన్నది తేల్చుకోండి. ఆంగ్లికన్, బ్రిటిష్ వెస్లియన్ సంఘాలు 1947 సెప్టెంబర్ 27న సీఎస్ఐలో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కలిశాయి. అమెరికన్ మెథడిస్టులు కలవలేదు. “మెథడిస్ట్” అని ఇంట్లో చెప్పుకుంటే ఏ మెథడిస్టో ముందు కనుక్కోవాలి. బాప్టిస్టులు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు, కాబట్టి ఆ తేదీకి కాస్త ముందు పుట్టారని లెక్కేస్తే పదిహేను, ఇరవై ఏళ్లు తేడా వస్తుంది. కేథలిక్కు విచారణల్లో (చర్చి పరిధుల్లో) పాత జ్ఞానస్నాన నమోదులు లాటిన్‌లో ఉంటాయి. జాన్ అక్కడ యోహన్నెస్, విలియం గులియెల్ముస్, జేమ్స్ యాకోబుస్. ఈ మార్పు తెలియనివాడు పేజీ ముందే పెట్టుకుని “పేరు లేదు” అని చెప్పి ఇంకో సెర్చ్‌కు డబ్బు అడుగుతాడు.

చర్చికి మీరే వెళ్లడం మేలు. లష్కర్‌లోని సెయింట్ జాన్స్ 1813 నాటిది, బొల్లారం హోలీ ట్రినిటీ 1847 నాటిది. ఆదివారం వద్దు, అయ్యగారికి తీరిక ఉండదు. పేరు, వేరే స్పెల్లింగులు, అటూఇటూ అయిదేళ్ల వ్యవధి రాసిన ఉత్తరం ముందే ఇచ్చి వారంలో ఒక రోజు అడగండి. ఇచ్చే కానుకకు రసీదు తీసుకోండి. రిజిస్టరును బలంగా విప్పి అదిమితే కుట్టు తెగుతుంది, పాత సిరా తిన్నచోట కాగితం విరుగుతుంది. ఫ్లాష్ లేకుండా, పేజీ నంబరు పడేలా ఫొటో తీయండి. నిజాం సంస్థానంలోని యూరోపియన్ సమాధుల రాతలను 1941లో అచ్చువేశారు. ఇప్పుడు అరిగిపోయిన రాయి మీది అక్షరాలు అందులో దొరకొచ్చు.

ఈ ఫైళ్లను “యూకే వీసాకు పనికొస్తుంది” అని కూడా అమ్ముతున్నారు. యూకే యాన్సెస్ట్రీ వీసాకు కావలసింది అక్కడ పుట్టిన తాత లేదా నానమ్మ, అమ్మమ్మ. ముత్తాతతో రాదు. లష్కర్‌లో జరిగిన బాప్తిస్మం అక్కడి పుట్టుకకు సాక్ష్యం కాదు. బోగస్ కాగితం పెట్టి దొరికితే మోసం కింద పదేళ్లు ఆ దేశ వీసా రాకుండా పోవచ్చు. పిల్లల చదువు, ఉద్యోగం దాని మీద ఆధారపడి ఉంటే ఆ నష్టం 28 వేలతో పోయేది కాదు.

ఎవరికైనా పని అప్పగించాల్సి వస్తే కాగితం మీద ఇవి రాయించండి: ఏ రిజిస్టర్లు, ఏ ఏళ్లు చూస్తారు, దొరక్కపోతే చూసిన వాల్యూముల జాబితా ఇస్తారా, దొరికితే పేజీ బొమ్మ ఇస్తారా. సగం ముందు అడిగితే ఒప్పుకోకండి, ఒక చర్చి ఒక దశాబ్దం లెక్కన కొద్దికొద్దిగా కట్టండి. ఇప్పటికే కట్టేసినవాళ్లు ఆ కాగితం, మెసేజ్‌లు, యూపీఐ రసీదు దాచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రెండేళ్ల గడువుంది. ఆన్‌లైన్‌లో మోసపోయి డబ్బు ఇప్పుడిప్పుడే వెళ్లి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.